పేడ పూసిన నిద్రగన్నేరు దుంగ

జగ్గయ్యవానిపాలెం పంచాయతీ కార్యదర్శి శ్రీ చంద్రమౌళి గారి సముఖమునకు,
మునగపాక మండలం, అనకాపల్లి జిల్లా.

సదరు గ్రామ నివాసి కర్రి చిన్నబ్బాయి, వయస్సు 61, వృత్తి చెట్ల కోత (ప్రస్తుతం పని లేదు), వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: కార్యాలయం వెనుక పడియున్న నిద్రగన్నేరు దుంగను సోమవారం వంటచెరకుగా ముక్కలు చేయించక, మొత్తంగా నాకు ఇప్పించుట గురించి.

1. గాలివానకు బడి ప్రహరీ లోపల కూలిన సదరు చెట్టు మొదలు, నాలుగడుగుల దుంగ, పదిహేను రోజులుగా తమ కార్యాలయం వెనుక ఉన్నది. దాని రెండు కొసలకు ఎవరో పేడ పూసి కార్యాలయమును అవమానపరిచినారని తమరు విచారణ జరిపించినట్లు తెలిసినది. పూసినది నేనే. పచ్చి దుంగ ఎండకు పగలకుండా మా పనిలో పేడ పూస్తాము. రేపు ఇంకొక పూత వేయవలసియున్నది, అనుమతించగలరు.

2. నేను మిషను రంపంతో బొమ్మలు చెక్కుట ఫోనులో చూసి నేర్చుకొనుచున్నాను. కొత్తవానికి మెత్తని, పచ్చి, పగులు లేని, మేకు లేని కర్ర కావాలి. తుమ్మ కోస్తే రంపం గొలుసు పళ్లు మొద్దుబారాయి. జీడిమామిడి జిగురుకు చెయ్యి బొబ్బలెక్కింది. తాటి పీచుపీచుగా లేచిపోయింది. టేకు పాడుచేసి నేర్చుకోవడానికి మనసొప్పలేదు. మా పక్కింటి నూకరత్నం గారు పెరటి మామిడి ఇచ్చారు గానీ, వాళ్ల మామగారు బట్టల తీగ కోసం కొట్టిన మేకు లోపల ఉండిపోయి గొలుసు తెగింది. రోడ్డు పక్క చెట్లకు ట్యూషన్ బోర్డుల మేకులు లేని చోటు లేదు. ఇది ప్రహరీ లోపలి చెట్టు. చుట్టూ చేత్తో తడిమి చూశాను, ఒక్క మేకు లేదు.

3. చేయబోవు బొమ్మ వివరము: వీడియోలలో అందరూ ఎలుగుబంటినే చేస్తున్నారు. నాకు ఎలుగుబంటితో పని లేదు. కూర్చున్న మనిషిని చేసి మా అరుగు మీద పెట్టుకుంటాను. పొద్దున్న టీ తాగేటప్పుడు ఎదురుగా ఎవరో ఒకరు ఉండాలి కదండీ.

4. ముప్పై ఏళ్లు మా బావ అప్పలరాజు, నేను ఇద్దరు లాగే కోత రంపంతో బతికాము. పైన నేను, కింద అతను. మూడేళ్ల కిందట అతన్ని ఒక్క మాట అడక్కుండా మిషను కొని తెచ్చాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి ఒక మనిషే సాలు గదా బావా" అన్నాడు. నేను "ఒకడే సాలు" అన్నాను. మిషను గొప్ప చెబుతున్నాననుకున్నాను. మర్నాటి నుంచి అతను రాలేదు. ఇది ఫిర్యాదు కాదు, వరుసలో వచ్చినందున నంబరు వేశాను.

5. చెక్కే ముందు బొగ్గునీళ్లలో ముంచిన దారం దుంగ మీద బిగించి గీత కొట్టాలి. ఒక కొస నేను పట్టుకుంటాను. రెండో కొసకు రాయి కట్టి చూశాను. కొంచెం కుడికి అంటే రాయి జరగదు. మేకు కొట్టి కట్టుకోమని తమ గుమాస్తా ధనరాజ్ గారు సలహా ఇచ్చారు. మేకు లేని దుంగ కోసమే కదా ఈ అర్జీ.

కావున సోమవారం లోపల పై సంగతులు చిత్తగించవలెను. పేడ మరకలు నేనే కడిగి ఇస్తాను.

తమ విధేయుడు,
కర్రి చిన్నబ్బాయి

మరొక మనవి: తమరు కాపురముంటున్న సబ్బవరం అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ మా అప్పలరాజేనని ఈ మధ్యనే తెలిసింది. రోజూ తమ బండికి గేటు తీసేది అతనే. నేను రెండుసార్లు ఆ గేటు దాకా వచ్చి వెనక్కి పోయాను, మొహం చెల్లక. దుంగ ఇవ్వడం కుదరకపోతే ముక్కలు చేయించండి, నేనేమీ అనుకోను. అతనికి మాత్రం నా మాటగా చెప్పండి: "ఒకడు సాలడం నేదు బావా. ఆ రోజు అన్నది తప్పే. దారం అటేపు పట్టుకోడానికి ఒక్కసారి రా." గేటు తీసేటప్పుడు చెబితే చాలు, బండి దిగనక్కరలేదు.