పక్కకు పిలిచి చెప్పే మాట

అన్నయ్యకు తమ్ముడు అప్పన్న దండం పెట్టి రాసేది. ఇక్కడ నాకు తిండికీ పనికీ లోటు లేదు. అమ్మ, వదిన, పిల్లలు, నువ్వు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా గురించి బెంగ పెట్టుకోవద్దు.

నీ ఉత్తరం అందింది. చదివి, మడిచి, పెట్టె అడుగున పెట్టి డ్యూటీకి వెళ్లాను. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. జనపనార దుమ్ము రోజూలాగే మీద పడింది. కలకత్తాలో ముసురు పట్టింది. మెస్సులో ఆవనూనె కూరలే. తింటున్నాను.

మిల్లు డాక్టరు నా ముంజేతి మీద మచ్చని సూదితో గుచ్చితే నాకు తెలియలేదని రాశాను కదా. కుష్టు, తొలిదశే, మాత్రలతో పోతుందన్నాడు. ఇంట్లో వాళ్లనీ పరీక్ష చెయ్యాలి, గవర్నమెంటు రూలు అని మన ఊరు, ఇంటిపేరు అడిగాడు. మీ జిల్లా హెల్త్ ఇన్‌స్పెక్టరుకు తప్ప ఎవరికీ చెప్పం, కాగితాలు బీరువాలో తాళంలో ఉంటాయి, అదీ రూలే అన్నాడు. నమ్మి చెప్పాను. ఇప్పటికీ ఆయన తప్పేమీ కనిపించడం లేదు.

ఆ ఇన్‌స్పెక్టరుదీ తప్పు కాదు. ఒడ్డుకు వచ్చి, రూలు ప్రకారం అమ్మను పక్కకు రమ్మన్నాడు, మిగతావాళ్లను దూరంగా పొమ్మన్నాడు. మన పేటలో ఎవరు ఎవరిని పక్కకు పిలిచారు? చావు కబురైనా తెప్పల దగ్గర అందరి మధ్యా చెప్పుకునేదే. పొమ్మంటే జనం ఇంకా దగ్గరికి వచ్చారని రాశావు. అమ్మ మాట నా చెవిలోనే ఉంది. "గుసగుసలేటి బాబూ? మేం దొంగతనం సేసేమా? ఏటున్నా అందరి ముందూ సెప్పు." చెప్పకపోతే కదలనని ఇసుకలో కూర్చుందట. పాపం, ఆయన నా రోగం సంగతి చెప్పేశాడు.

అమ్మ ఒంటి మీద మచ్చ లేదని ఆయనే అందరికీ చెప్పినా, మర్నాటి నుంచి ఆమె గంపలో చేప ఎవరూ ముట్టుకోవడం లేదు. "ఇన్నాళ్లూ నా సేతి సేప తిన్నోళ్లే గదా" అని, గంపెడు చేపలూ సముద్రంలో పోసి వచ్చిందట. అది చదివినా నాకేమీ కాలేదు అన్నయ్యా. మచ్చ చేతి మీదే ఉంది గానీ, ఒళ్లంతా మొద్దుబారినట్టుంది.

మాత్రలు మానడం లేదని అమ్మకి చెప్పు. మీరంతా పరీక్షకి వెళ్లండి. గంప మాత్రం వదినకి ఇవ్వొద్దు, అమ్మనే మొయ్యనీ. ఆమె మానేస్తే జనం అనుకున్నది నిజమైపోతుంది.

ఒక చిన్న కోరిక. ఇకమీదట కవరు వద్దు. నీ కవరు చూసి గదిలో మనవైపు వాళ్లు, "ఒరే, కార్డు సాలదా? ఏటి దాస్తన్నావు?" అన్నారు. వదిన పురుడు సంగతని అబద్ధమాడాను. కార్డే రాయి. అందులో రోగం మాట, అమ్మ మాట వద్దు. అమ్మ గంపలో చేప అమ్ముడైన రోజున సముద్రం బాగుందని రాయి. ఎవరు చదివినా పర్వాలేదు.

పెద్దలందరికీ దండాలు, పిల్లలకు ముద్దులు. అమ్మ కాళ్లకు మొక్కానని చెప్పు, దీవించమను. ఇది నువ్వొక్కడివే చదివి పొయ్యిలో పెట్టు.

ఇట్లు,
నీ తమ్ముడు అప్పన్న

మరొక్క మాట. నాకు ధైర్యం చెప్పాలని ముందే రాసెయ్యకు. సముద్రం బాగున్నాకే రాయి. అందాకా కార్డు రాకపోయినా ఎదురుచూస్తూ ఉంటాను.