సరిహద్దు గీసిన ఆఫీసరు పేరు

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. తద్దినానికి వచ్చినవాళ్లందరికీ అన్నాలు పెట్టి నడుం వాల్చబోతుంటే, తిరువళ్లూరు నుంచి కొత్తగా వచ్చిన టీచరమ్మ తలుపు తట్టింది. బడి పుస్తకంలో మన ఊరి చరిత్ర రాస్తోందట.

చరిత్రంటే నువ్వు పిల్లలకి చెప్పిన కతే. సరిహద్దు గీయడానికి వచ్చిన ఆఫీసరు మన ఊళ్లో కడుపునిండా రాగిసంగటి తిని మ్యాపు మీదే కునికాడనీ, పెన్సిలు జారి గీత వంకర పోయిందనీ, అందుకే మనం తమిళనాడులో పడ్డామనీ.

"అదంతా మా ఆయన కల్పించిందమ్మా" అన్నాను.

"ఊరంతా నిజమే అంటా ఉండారే అవ్వా!" అంది.

చాప పరిచి కూర్చోమన్నాను.

"ఆ ఆఫీసరు పేరే ఎవురికీ తెలీలేదు. నీకేమన్నా తెలుసునా?" అని అడిగింది.

పెళ్లయిన నాటి నుంచీ 'బావా' అని పిలవడమే గానీ, నీ పేరు ఏనాడూ నా నోట పలకలేదు. ఇవాళ పలికాను.

ఆమె తమిళంలో రాసుకుంది. నాకా అక్షరాలు రావు కదా.

"సరిగ్గా రాసినావో లేదో, ఒకసారి చదువమ్మా" అన్నాను.

చదివింది.

"ఇంకోసారి" అన్నాను.