అట్టపెట్టెలో కోడి పొదుగుతోంది

కర్మన్‌ఘాట్,
20 అక్టోబర్ 2011

విడిభాగాల విభాగం అధికారి గారికి నమస్కారం.

ఖాళీ అట్టపెట్టెను ఈ నెల 31లోగా తిరిగి ఇవ్వకపోతే నా కంప్యూటర్ గ్యారంటీ రద్దవుతుందని మీ నోటీసు వచ్చింది. అందుకే వెంటనే రాస్తున్నాను.

మీరు పంపిన బ్యాటరీ రూపాయి బిళ్లంత. పెట్టె మాత్రం టీవీ అంత. సమ్మెలో బస్సులు లేక మా నాన్న దాన్ని ఎల్బీ నగర్ కొరియర్ ఆఫీసు నుంచి నెత్తిన మోసుకొచ్చాడు. "ఏందన్నా, కొత్త టీవీనా?" అని గల్లీ అంతా అడిగింది. థర్మకోల్ తీసి తీసి అలసిపోయాక అమ్మ, "గింత బిళ్లకు గంత పెట్టెనా!" అని నవ్వింది.

నేను ట్యూషన్ చెప్పడానికి పోయినప్పుడు అమ్మ అందులో గడ్డి పరిచి, గుడ్లు సర్ది, కోడిని కూర్చోబెట్టింది. తిరిగి పంపాలని పెట్టె మీద ఇంగ్లీషులో ఉంది. మా ఇంట్లో అది చదవగలిగేది నేనొక్కదాన్నే.

కంప్యూటర్ ఇప్పుడు బాగా నడుస్తోంది, విద్యార్థుల ప్రాజెక్టులు మళ్లీ టైప్ చేస్తున్నాను. గ్యారంటీ పోతే ఈసారి చెడినప్పుడు నా పని ఆగిపోతుంది. ఉత్తరం రాస్తే గడువు పెంచుతారని మీ కౌంటర్‌లో మేడమ్ చెప్పగానే ప్రాణం లేచొచ్చింది.

"పొదిగే కోడిని లేపితే గుడ్లు మురిగిపోతయి, జర ఆగమని రాయి బిడ్డా" అంటోంది అమ్మ. నవంబర్ మొదటి వారంలో పిల్లలు దిగుతాయి. బస్సులు మళ్లీ నడుస్తున్నాయి కనుక పెట్టెను శుభ్రం చేసి నేనే దిల్‌సుఖ్‌నగర్‌లోని మీ కౌంటర్‌కు తెచ్చి ఇస్తాను. అంతవరకు ఆగుతామని 28వ తేదీలోగా ఒక్క ముక్క రాయండి. అమ్మ రోజూ అడుగుతోంది.

ఇట్లు,
మీ విధేయురాలు