డిసెంబరులో దింపిన పడవ

తమ్ముడు ఖమ్‌సింగ్‌కు,

లువాంగ్ ప్రబాంగ్ నుంచి అక్క ఫెట్సమోన్ రాస్తున్నది. ఉత్తరం మొదట్లో దీవెన రాయాలి, అందరం క్షేమం అనాలి. దీవెన చేతికి రావడం లేదు, రాసినట్టే అనుకో. క్షేమం సంగతంటావా, నేనూ మన పందులూ క్షేమం. మిగతావాళ్ళ మాట కింద రాస్తాను. సగం చదివి మడిచిపెట్టే అలవాటు నీకుంది, ఈసారి ఆఖరిదాకా చదువు.

నీ ఉత్తరం, దాంతోపాటు ఆ రంగుల కాగితం, వియంటియాన్ బస్సు డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. పై దేశాల నుంచి చూడవచ్చేవాళ్ళ కోసం మీ పర్యాటక ఆఫీసు పేరుతో పన్నెండు నెలలకు పన్నెండు బొమ్మలు వేయించావు. ఏప్రిల్లో కొత్త సంవత్సరం నీళ్ళాట, అక్టోబరులో నిప్పు పడవలు, నవంబరులో వెదురు వంతెన. జనవరి బొమ్మలో తెల్లవారుజామున భిక్షువులకు అన్నం పెడుతూ కూర్చున్నది మన కేవ్ పిన్ని. ఆవిడకొక్క మాట చెప్పి తీశావా? కాగితం చూసి లబోదిబోమంది. "వీడి కళ్ళు పోనూ! ఇంత ముసలిమొహమా నాది? ముందురోజు చెప్పి చస్తే మంచి పైగుడ్డ వేసుకునేదాన్ని కదే!" అంది. రెండు రోజులు అద్దం దగ్గరనుంచి లేవలేదు. అది చూసి నాకు నవ్వొచ్చిన మాట నిజమే. డిసెంబరు బొమ్మ చూశాక ఆ నవ్వు పోయింది.

డిసెంబరు బొమ్మలో మన ఊరి పడవ ఉంది. పక్కన 'మరోసారి పడవ పందెం' అని అచ్చేయించావు. మన పందెం వానలది, నామ్ ఖాన్ నది ఒడ్డులొరుసుకుని పారే రోజులది. నీ అతిథులు వానల్లో రారు, చలికాలంలో వస్తారు. అందుకని మొన్న డిసెంబరులో వాన పండగను ఈడ్చుకొచ్చి చలికాలంలో పెట్టావు. చుట్టం పాలడిగాడని ఎద్దును పితకడానికి కూర్చున్నావు.

'పడవ బాగైందా, ఏప్రిల్ కార్యక్రమానికి పనికొస్తుందా' అని అడిగావు. నీ మొహం మండ! బున్మా తాత కాలు ఎలా ఉందని ముందు అడగాలని తోచలేదా? నలభై ఏళ్ళు పడవ ముక్కు దగ్గర కూర్చుని తెడ్డేసిన మనిషి. చిన్నప్పుడు నిన్ను భుజాన ఎక్కించుకుని నదిలో దింపినవాడు. తొడ ఎముక రెండుచోట్ల విరిగింది. ఆసుపత్రిలో ఇనుప కడ్డీ వేశారు. ఇక ఆయన పడవలో కూర్చోలేడు. నీ ప్రశ్నకు జవాబు కూడా రాస్తున్నాను: పడవ బాగవలేదు, బాగవదు. ముక్కు నుంచి నడుముదాకా నిలువునా చీలింది. ఒకే మానుతో తొలిచిన పడవకు అతుకు వెయ్యరని నీకు తెలియనిది కాదు.

నది మలుపులో రాయి ఉందని ఊళ్ళో మేకలకు కూడా తెలుసు. వానల్లో దాని మీద రెండు నిలువుల నీళ్ళుంటాయి, డిసెంబరులో మోకాలిలోతు ఉంటుంది. పందెం రోజు పడవ దానికి గుద్దుకోబోతుంటే తాత కాలు అడ్డం పెట్టి నెట్టబోయాడు. కాలు రాయికీ పడవకీ మధ్య నలిగింది. ఆ కేక ఊరంతా వినబడింది. నువ్వు మాత్రం ఒడ్డున మైకు పట్టుకుని మన పండగ గొప్పతనం ఇంకా చెబుతూనే ఉన్నావు. మర్నాడు పొద్దున్నే నీ అతిథులను కారెక్కించి కువాంగ్ సీ జలపాతానికి తీసుకుపోయావు. ఆసుపత్రికి రమ్మని నేను కారు తలుపు పట్టుకుంటే ఏమన్నావో గుర్తుందా? "కార్యక్రమంలో ఉందక్కా, ఏం చెయ్యమంటావు? సాయంత్రం వస్తాలే." ఏ సాయంత్రంరా? నెల దాటింది.

'కొత్త సంవత్సరానికి ఇంటికి రావచ్చా, ఊరు చల్లబడిందా' అని రెండో ప్రశ్న. చల్లబడలేదు. పోయిన పౌర్ణమికి గుడి సావడిలో ఊరంతా కూర్చుని నీ పేరు కొట్టేసింది. నువ్వు పడవ రేవులో దిగకూడదు, ఊరి విందులో ముద్ద ముట్టకూడదు, రేపు నువ్వు చస్తే నీ శవాన్ని ఈ ఊరివాళ్ళు మొయ్యరు. గ్రామపెద్ద మూడుసార్లు అడిగాడు, ఎవరైనా అడ్డం చెబుతారా అని. ఒక్కరూ నోరు విప్పలేదు. నీ తోడబుట్టిన అక్క కూడా విప్పలేదు. పైగా ఆడవాళ్ళు నా చుట్టూ చేరి, "పాపం, నువ్వేం చేస్తావమ్మా, వాడలా తయారైతే" అని ఓదార్చి, ఇంటికి చేప పులుసు పంపించారు. రెండు పూటలు తిన్నాను. బాగుంది కూడా.

ఇక్కడిదాకా చదివావు గనుక అసలు సంగతి రాస్తాను. ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను.

నాన్న పోయాక నువ్వు పట్నం పోయావు, పడవసాల తాళం నాకొచ్చింది. పడవను నీళ్ళలోకి దింపేముందు పడవ తల్లిని అడగడం తాళం ఉన్నవాళ్ళ పని. పూలు పెట్టి, గిన్నెలోంచి చిటికెడు బియ్యం తీసి, పెద్దల ముందు గింజలు లెక్కపెట్టాలి. సరిసంఖ్య వస్తే తల్లి సరేనన్నట్టు, బేసి వస్తే వద్దన్నట్టు. నాన్న చేస్తుంటే నువ్వూ నేనూ పక్కనుండి చూసేవాళ్ళం. ఆ రోజు మొదటి చిటికెలో ఏడు వచ్చాయి. రెండోసారి తొమ్మిది. మూడుసార్లే అడగాలి, మూడోదే ఆఖరు. గింజలు అరచేతిలో పరుచుకుని లోపలే లెక్కపెట్టుకున్నాను, పదకొండు. పెద్దలు ఇంకా వంగి చూడలేదు. దగ్గొచ్చినట్టు చెయ్యి నోటి దగ్గరకు తీసుకున్నాను, ఒక గింజ నాలుక మీద వేసుకున్నాను. మిగిలిన పదీ చాప మీద పోసి చూపించాను. "సరే అంది తల్లి, దింపండి" అన్నారు. ఆ గింజ నమిలి మింగేశాను.

ఎందుకు చేశావని అడుగుతావు. పందెం జరక్కపోతే ఉద్యోగం ఊడుతుందని నువ్వు రాశావు, నిజమే. కానీ ఊడితే ఊడనీ అనుకున్నానురా, ఇంటికొచ్చి వరి నాటుకుంటావని. అసలు కారణం అది కాదు. అప్పటికి నాలుగేళ్ళయింది నిన్ను చూసి. పండగకు రమ్మంటే సెలవు లేదంటావు. కార్యక్రమం ఉంటే వస్తావు. నిన్ను చూడాలనిపించింది, అంతే. చూశాను, మైకు పట్టుకుని, మనవాళ్ళెవరితోనూ మాట్లాడకుండా నిలబడ్డావు. దానికోసం పడవనూ ముసలాయన కాలునూ పోగొట్టాను. నీ మీద నాకెంత కోపమో నా మీద అంతకు రెట్టింపు. అందుకే నిన్ను ఇన్ని తిట్లు తిట్టాను.

మొన్న పొద్దున బున్మా తాత ఇంటికి వెళ్ళాను. నులకమంచం మీద ఉన్నాడు, మణికట్టు నిండా కోలుకోవాలని ఊరివాళ్ళు కట్టిన తెల్లదారాలు. పక్కన కూర్చుని గింజ సంగతి చెప్పాను. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు తాతా?"

"నీ దవడ ఆడటం చూశాలే. నేను ముందు వరసలోనే ఉన్నాగా, గుడ్డివాణ్ణనుకున్నావా?"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే పందెం ఆగిపోద్దిగా! ఇన్ని దేశాలవాళ్ళు చూస్తుంటే ఒక్కసారి ముందు తెడ్డెయ్యాలని నాకూ సరదా పుట్టింది. ముసలి గాడిదకు మోజు!" అని నవ్వబోయి, కాలు కదిలి అబ్బా అన్నాడు. మంచం పట్టె పట్టుకుని, "మరి పౌర్ణమినాడు ఆ కుర్రాడి పేరు కొట్టేస్తుంటే నోట్లో బెల్లంముక్క పెట్టుకుని కూర్చున్నావేం?" అన్నాడు. "నన్ను సావడికి మోసుకెళ్ళడానికి నలుగుర్ని పిలువు. నువ్వు చెప్పు, నేనూ చెప్తా" అన్నాడు.

నిన్న సావడిలో చెప్పాను. అందరి ముందూ, నిలబడి. తాత మంచం మీద నుంచే, "ఇది చేసింది, నేను చూసి ఊరుకున్నా. ఇద్దరికీ చెయ్యండి ఏం చేస్తారో" అన్నాడు. కేవ్ పిన్ని నా మొహాన ఉమ్మలేదు గానీ అటు తిరిగి కూర్చుంది. పులుసు పంపినావిడ గిన్నె అడిగి తీసుకుంది. పడవసాల తాళం మెడలోంచి తీసి గ్రామపెద్ద చేతిలో పెట్టాను. నాన్న చేతి నుంచి వచ్చిన తాళం అది. ఇంటికొచ్చాక గుండెలు బాదుకుని ఏడ్చాను.

నీ పేరు కొట్టేసింది తప్పేనని ఊరు ఒప్పుకుంది. పడవ పగిలిన పాపం నీది కాదన్నారు. పడిపోయిన మనిషిని వదిలి పోయిన మాట మాత్రం అలాగే ఉందన్నారు, దానికి నేను అడ్డం చెప్పలేదు.

వానలు మొదలవకముందే కొత్త పడవకు మాను కొట్టాలి. కొండ మీద మాను చూసుకున్నారు. నలభై మూరల మాను, అడవిలోంచి రేవుదాకా తాళ్ళతో ఊరే ఈడ్చుకు రావాలి, ఆరు రోజులు పడుతుందట. ఆ తాడు మగవాళ్ళే పట్టుకుంటారు, నీకు తెలుసు. గ్రామపెద్ద నిన్న లేచి ఈ మాట అన్నాడు: "ఈసారి తాడు మొదట్లో ఫెట్సమోన్ నిలబడుద్ది. పక్కన దాని తమ్ముడికి చోటు వదిలిపెడతాం. వాడొస్తే వాడు లాగుతాడు. రాకపోతే వాడి వంతు కూడా ఇదే లాగుద్ది."

సరేనన్నాను. నాకు యాభై రెండేళ్ళు, లాగగలనో లేదో తెలియదు. కొత్త సంవత్సరం పోయిన మూడోనాడు పొద్దున మొదలు. అతిథులను తీసుకురావద్దు, మైకు వద్దు, నువ్వొక్కడివే రా. నువ్వు రాకపోతే నీ వంతు నేను లాగుతాను, ఎవరికీ ఒక్క మాట అనను, కానీ ఆ తర్వాత నన్ను అక్కా అని పిలవకు.

ఇట్లు,
ఆ రోజుదాకా నీ అక్క,
ఫెట్సమోన్