జూలైలో అడిగిన మంచుకాలపు కథ

చెల్లెమ్మా డెల్లా,

నేను కులాసా, మోకాలు కూడా మాట వింటోంది. మన ఓజిబ్వే భాషలోనే చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే టీచర్లను తయారుచేస్తామని నన్నీ కాలేజీకి పిలిచారు కదా. పెద్దల్ని అడిగే మన పద్ధతిలోనే పొగాకు చేతిలో పెట్టి అడిగారు. ఇక్కడి సూపులో అడవి బియ్యం పేరుకే ఉంటుంది, ఆ రామాయణం వచ్చాక చెబుతాను. నిన్న ప్రొఫెసర్ హాల్వర్సన్ కెమెరా పెట్టించి మన మాయల నానబోజో కథ చెప్పమన్నాడు. నేల మీద మంచు లేనప్పుడు ఆ కథలు ఎత్తకూడదన్నాను.

"ఏసీ పెంచుతాను పెద్దాయనా, చలికాలం వచ్చిందనుకోండి" అని నవ్వాడు.

ఇక్కడ టీచరు చదువుతున్న మన లూయీ మనవరాలు కోరాలీ దిగ్గున లేచింది. "బయట కప్పలు అరుస్తుంటే చలికాలం ఎలా అవుతుంది సార్, తాతనొదిలెయ్యండి. నేనూ ఆ కథ ఇప్పుడు చెప్పను" అంది.

ఆ కథను పాఠంగా చెప్పి చూపడమే వాళ్ల పరీక్ష. మిగతావాళ్లంతా పుస్తకంలోంచి చదివేసి గట్టెక్కారు. సాయంత్రం గోడకు మార్కులు అంటించారు. 'సంస్కృతి పట్ల గౌరవం' అనే అంశంలో ఫెయిలైంది అదొక్కతే. మన ఊరి బళ్లో దానికి రావలసిన ఉద్యోగం ఈ ఏటికి పోయినట్టే.

అడవి బియ్యం దులిపే కర్రలు ఎండబెట్టావా? కోర్సుకు పెద్దల ఆమోదం ఉందని కాగితం మీద నా సంతకం అడుగుతున్నారు. పెట్టలేదు, పెట్టను. శుక్రవారం బస్సుకు కోరాలీ, నేను ఇద్దరం వస్తున్నాం. ఈలోగా వాళ్లమ్మ దగ్గరికెళ్లి తప్పంతా ఈ ముసలాడిదేనని చెప్పు. పిల్లను మాత్రం ఒక్క మాట అననివ్వకు.

ఇంటిల్లిపాదికీ నా దీవెనలు.

నీ అన్న,
గస్