దొరసాని వెండి గిన్నె

విన్నిపెగ్, మంగళవారం రాత్రి

రాయి సునీతా. నా కోడలివి కదా, నా మాట మార్చకుండా రాయి. నేను దొంగను కాను.

పక్కింటి దొరసాని హంగేరీలో జమీందారుల బిడ్డ. యుద్ధంలో కోట పోయి, చంటిపిల్లగా ఈ దేశం వచ్చింది. పుట్టింటిదని మిగిలింది వంశపు ముద్ర ఉన్న వెండి గిన్నె ఒక్కటే. పోయిన వారం అందులోనే చెర్రీపళ్ల సూప్ తెచ్చి ఇచ్చింది. గిన్నె ఖాళీగా తిరిగి ఇస్తామా? మోకాలి నొప్పి తగ్గాక సున్నుండలు చేసి ఇద్దామని దేవుడి దగ్గర పెట్టాను.

ఇవాళ ఆవిడ మేనల్లుడు గుమ్మంలో నిలబడి అరిచాడు. గిన్నె నేను దొంగిలించానట, రేపు పోలీసులను పిలుస్తాడట. వాడి ఇంగ్లీషు నాకు నువ్వే కదా తెలుగులో చెప్పావు.

"ఇచ్చెయ్యమ్మా, ఈ దేశంలో ఉండిపోవడానికి మనకింకా పీఆర్ రాలేదు," అని నా కొడుకు బతిమాలాడు.

"ఖాళీ గిన్నె ఇవ్వనురా. వాడి చేతికి అసలే ఇవ్వను," అన్నాను.

వాడి అరుపులు నాకు లెక్క కాదు. వాడి వెనక దొరసాని తల దించుకుని నిలబడింది. తనే ఇచ్చిన సంగతి మరిచిపోయిందా, వాడికి భయపడిందా?

సున్నుండలు చుట్టేశాను. పొద్దున్నే పోలీసులకంటే ముందు నేనే వెళ్లి నిండు గిన్నె ఆవిడ చేతిలో పెడతాను. ఒక్కటి తీసి నోట్లో వేసుకుంటే చాలు, గిన్నె తనే ఇచ్చానని ఒప్పుకున్నట్టే. వేసుకోకపోతే...

అది రాయకు. లైటు ఆపు.