కసాయి వీధిలో వంగిన మేడ

కసాయి వీధి, మార్స్‌బరీ
మార్చి 3, 1853

పట్టణ సర్వేయరు టింప్సన్ గారికి,

నా పేరు కెజియా ప్రోబర్ట్. వయసు డెబ్భై ఆరు. వడ్రంగి ఈనక్ ప్రోబర్ట్ భార్యని. ఆయన పోయి పదేళ్లయింది. ఇంట్లో నేను, ఒక కుంటి పిల్లి, పై గదిలో అద్దెకుంటూ టోపీలు కుట్టుకునే హెస్టర్. నాకు చదువు రాదు. చర్చి గుమాస్తా జోబ్ పించెస్ చేత ఇది రాయిస్తున్నాను.

నా మేడ వీధి మీదికి రెండడుగులు వంగిందట, ఇరవయ్యొకటో తేదీన పడగొడతారట. తలుపుకి నోటీసు అంటించి పోయారు. నాయనా, అది వంగలేదు. దాని పుట్టుకే అంత. నాలుగొందల ఏళ్ల కిందట ఉన్ని వర్తకుడు కట్టించినప్పుడే పై అంతస్తును ముందుకు తోసి కట్టారు. ఎత్తుపళ్లవాణ్ని చూసి పళ్లు రాలిపోతున్నాయంటారా? నేల వాలుగా ఉన్నమాట నిజమే. దానికి తగ్గట్టు మా ఆయన కుర్చీల కాళ్లు కోశాడు. బఠానీ గింజ కింద పడితే ఏ మూల వెతకాలో పిల్లికి కూడా తెలుసు.

ఇంకొక్క మాట. మా దూలాల్లో చెక్క చీల ఒక్కటి కదిపినా మీ నెత్తి మీదికే వస్తుంది.

కెజియా ప్రోబర్ట్ గుర్తు: I I I I

తా.క.: నోటీసు కాగితం మంచి దళసరిది. జామ్ జాడీకి మూతగా కట్టాను. ఇంకో జాడీ ఉంది.

*

పట్టణ సర్వేయరు ఆఫీసు
మార్చి 8

శ్రీమతి ప్రోబర్ట్ గారికి,

నేల వాలిందని మీరే ఒప్పుకున్నారు. ఆ మాట ఫైలులో చేర్చాం. మీ చివరి వాక్యం అధికారిని బెదిరించడం కిందికి వస్తుంది. మీ గోడను ఆనుకునే ఉన్న మా ఆఫీసుకి వీధి వైపున్న ఇటుక ముఖం ఎంత నిటారుగా ఉందో చూసి నేర్చుకోండి. ఇకపై ఏదైనా రాతపూర్వకంగానే తెలపాలి. కిటికీలోంచి అరిచిన మాటలు చెల్లవు.

ఆస్వాల్డ్ టింప్సన్

తా.క.: సంతకం చోట నాలుగు గీతలున్నాయి. పిల్లి గీరిందా?

*

మార్చి 14

టింప్సన్ గారికి,

వానొస్తుంది గొడుగు పట్టుకోమంటే బెదిరింపా? ఇటుక ముఖం సంగతి నాకు చెప్పకండి. యాభై నాలుగేళ్ల కిందట దాన్ని కట్టింది మా ఆయన. వడ్రంగమే కాదు, తాపీపనీ వచ్చు ఆయనకి. కొత్త పెళ్లికూతుర్ని, సున్నం తట్టలు మోసింది నేను. ముఖం చూసి మురిసింది చాలు, ఒక్కసారి లోపల చూసుకోండి. చూడనంటే సోమవారం మీ గదిలో కూర్చోకండి.

కెజియా ప్రోబర్ట్ గుర్తు: I I I I

తా.క.: కూర్చునేట్టయితే హెస్టర్ కుట్టిన దూది టోపీ ఒకటి పంపుతున్నాను. పెట్టుకోండి.

*

మార్చి 17

శ్రీమతి ప్రోబర్ట్ గారికి,

ఇది రెండో బెదిరింపు. టోపీని లంచంగా నమోదు చేశాం. సోమవారం పని మొదలవుతుంది. నేను నా గదిలోనే, నా బల్ల ముందే ఉంటాను.

ఆస్వాల్డ్ టింప్సన్

తా.క.: టోపీ నాకు సరిగ్గా పట్టింది. అది వేరే విషయం.

*

మార్చి 22, మంగళవారం

టింప్సన్ నాయనకి,

మీరు నా ఎదుటే, మా వంటగదిలో కూర్చుని మాంసం చారు తాగుతున్నా ఉత్తరమే రాయిస్తున్నాను. నోటిమాట చెల్లదన్నది మీరే.

నిన్న మీ వడ్రంగి మా అటకెక్కి నాలుగో దూలం చీల ఊడగొట్టాడు. గోడకవతల మీ కప్పు సున్నం మీ బల్ల మీద కూలింది. నాకు అక్షరాలు రావు గానీ దూలాల మీది గంట్లు వస్తాయి. ఏది ముందు, ఏది వెనక అమర్చాలో తెలియడానికి వడ్రంగులు కొట్టుకునే లెక్క అది. మా వైపు ఒకటి నుంచి నాలుగు దాకా ఉన్నాయి. ఐదు నుంచి ఎనిమిది దాకా మీ నెత్తి పైనున్నాయి. ఇల్లు ఒక్కటే నాయనా. మధ్యలో గోడ పెట్టి రెండు చేశారు, మీ సగానికి ఇటుక ముసుగు తొడిగారు. మేడ ముందుకొచ్చినట్టు కనబడకుండా కింద కూడా రెండడుగులు ముందుకు జరిపి ఇటుక కట్టాడు మా ఆయన. నా ఇల్లు వీధి మీదికి వచ్చింది పైన మాత్రమే. మీ ఆఫీసు పైనా వచ్చింది, కిందా వచ్చింది.

పడగొట్టాలంటే నోటీసు ముందు మీ తలుపుకి అంటించండి. లేదంటే చీల బిగించేదాకా ఆఫీసు ఇక్కడే నడుపుకోండి. కుర్చీ వంకరని లేవకండి. నేలకి అది సరిపోతుంది.

తా.క.: నోటీసు రద్దు చేసే కాగితం కూడా దళసరిదే ఇవ్వండి. రెండో జాడీకి ఇంకా మూత లేదు.

కెజియా ప్రోబర్ట్ గుర్తు, నాలుగో దూలం మీద ఉన్నట్టే: I I I I

సాక్షులు:
జోబ్ పించెస్, చర్చి గుమాస్తా
ఆస్వాల్డ్ టింప్సన్, పట్టణ సర్వేయరు (టోపీ తియ్యకుండానే సంతకం చేశారు)